పిల్లల చేత కథ చెప్పించుకోండి

మొన్న మా ఆరోగ్య కేంద్రానికి ఒక తల్లి తన నాలుగేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. జ్వరమా అంటే కాదు, దగ్గా అంటే కాదు. "వీడికి బొత్తిగా జ్ఞాపకశక్తి లేదు డాక్టరుగారూ! రాత్రి చెప్పిన కథ పొద్దున అడిగితే నోరు విప్పడు. మంచి టానిక్కు ఏదైనా రాసిపెట్టండి" అన్నది.

పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి, "ఇక్కడికి ఎలా వచ్చావు నాన్నా?" అని అడిగాను. వాడు కాసేపు తల్లి ముఖం చూసి, మెల్లగా మొదలుపెట్టాడు. ఆటో ఎక్కారట. దారిలో కుక్క అడ్డం వచ్చిందట. ఆటో ఆగిపోయిందట. "కుక్క కాదురా, మేక" అని తల్లి మధ్యలో అందుకుంది. అంతే, వాడు టక్కున నోరు మూసుకున్నాడు.

లోపం ఎక్కడున్నదో నాకు అర్థమయింది. ఎందుకంటే ఆ పొరపాటు ఒకప్పుడు నేనూ చేశాను.

మా ఇల్లు తార్నాకలో. 1997 ప్రాంతంలో మా అమ్మాయికి అయిదేళ్ళు. సాయంకాలం వీలు చిక్కినప్పుడల్లా ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌కు నడకకు తీసుకువెళ్ళేదాన్ని. ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద కూర్చుని ఏడు చేపల కథ చెప్పేదాన్ని. ఒకనాడు తానే చెబుతానన్నది. ఆవు దగ్గరనుంచి ఒక్క గెంతులో చీమ దగ్గరకు వెళ్ళిపోయింది. "కాదమ్మా, ఆవు తర్వాత కాపరి" అన్నాను. మళ్ళీ తప్పింది, మళ్ళీ దిద్దాను. మూడోసారి దిద్దేసరికి, "నువ్వే చెప్పమ్మా" అని ఊరుకుంది. ఆ తర్వాత తనంతట తాను నాకు ఎన్నడూ కథ చెప్పలేదు. బడి సంగతులు అడిగినా "ఏం లేదు" అనేది. వైద్యం చదివిన నేను, ఆ మౌనానికి కారణం నేనేనని చాలా ఏళ్ళకు గాని గ్రహించలేదు.

అసలు జ్ఞాపకం అంటే ఏమిటి? చాలామంది దాన్ని డబ్బా అనుకుంటారు. వేసింది వేసినట్టు తియ్యాలంటారు. అది నిజం కాదు. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో పనిచేసిన ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1932లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి చదువుకున్న పెద్దవాళ్ళకే ఇచ్చి, తర్వాత తిరిగి చెప్పమన్నాడు. వాళ్ళు తమకు తెలియనివి వదిలేశారు, తెలిసినవాటితో మార్చేశారు. అంటే, గుర్తుచేసుకున్నప్పుడల్లా మనం కథను మళ్ళీ కట్టుకుంటున్నామన్నమాట. పెద్దలే అలా చేస్తుంటే నాలుగేళ్ళ పసివాడు తు.చ. తప్పకుండా అప్పజెప్పాలనడం న్యాయమా?

జ్ఞాపకాలను పదిలపరచడంలో ముఖ్యపాత్ర వహించే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం బాల్యంలో ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. మనకు మొదటి రెండు మూడేళ్ళ సంగతులు గుర్తుండకపోవడానికి అదొక కారణం. మూడేళ్ళ పిల్లలు పెద్దలు అందిస్తూ ఉంటే జరిగింది ముక్కలు ముక్కలుగా చెబుతారు. నాలుగు, అయిదేళ్ళకు మొదలూ చివరా వస్తాయి, వరస మాత్రం తప్పుతుంది. ఇది జబ్బు కాదు, ఎదుగుదల.

ఇక్కడే మన పూర్వుల తెలివి చూడండి. సంబంధం లేని ఏడు మాటలు చెప్పి తిరిగి చెప్పమంటే నాలుగేళ్ళవాడికి సాధారణంగా మూడో నాలుగో వస్తాయి. కాని ఎండని చేప, అడ్డమొచ్చిన గడ్డిమేటు, మేయని ఆవు, మేపని కాపరి, అన్నం పెట్టని అవ్వ, ఏడ్చిన పిల్లవాడు, కుట్టిన చీమ - ఈ ఏడూ వచ్చేస్తాయి! ఒకదానికొకటి "ఎందుకు?" అన్న ముడితో కట్టి ఉన్నాయి గనుక. బట్టీకి నిలవనిది కారణానికి నిలుస్తుంది.

మరి తల్లిదండ్రులు చెయ్యవలసిందేమిటి?

కథ చెప్పి వదిలెయ్యకండి, చెప్పించుకోండి. "ఆవు రంగేమిటి? చేపలెన్ని?" అని పరీక్ష పెట్టకండి. "ఆ తర్వాత ఏమయింది?" అని అడిగి ఆగండి. పదిదాకా లెక్కపెట్టుకునేంతసేపు ఆగండి. వాడు తడుముకుంటుంటే ఒక్క మాట అందించండి. తప్పు చెబితే ఆపకండి. రేపు మీరు చెప్పేటప్పుడు ఆ చోట కాస్త నొక్కి చెబితే చాలు, వాడే దిద్దుకుంటాడు.

ఒకే కథ పదిసార్లు అడిగితే విసుక్కోకండి. ప్రతిసారీ వాడికి ఒక ముడి గట్టిపడుతుంది. ఏడు చింతగింజలు వరసగా పెట్టి ఒక్కొక్కటే జరుపుతూ చెప్పించండి. అమ్మ చెప్పిన కథను నాన్న ఇంటికి వచ్చాక పిల్లవాడి చేత చెప్పించండి. తెలియనివాడికి చెప్పడంలో ఉన్న హుషారు తెలిసినవాడికి అప్పజెప్పడంలో ఉండదు. మీకు బాగా వచ్చిన భాషలోనే చెప్పండి. తెలుగైనా, ఉర్దూ అయినా ఫరవాలేదు. రాని ఇంగ్లీషులో తంటాలు పడకండి.

కథలు తెలియవంటారా? ఆ రోజు జరిగిందే కథ. కూరగాయలకు వెళ్ళి వచ్చిన సంగతి పడుకోబోయే ముందు ఇద్దరూ కలిసి గుర్తుచేసుకోండి.

ఇక శరీరం సంగతి. చదివింది, విన్నది మెదడులో స్థిరపడేది ఎక్కువగా నిద్రలోనే. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకు టీవీ, సెల్‌ఫోను కలిపి గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. సెల్‌ఫోను కథ చెబుతుంది గాని, "తర్వాత ఏమయింది?" అని ఆగి మీ పిల్లవాడి ముఖం చూడదు.

రక్తహీనత ఉన్న పిల్లలకు ధ్యాస నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. మా తార్నాకలోనే, 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అంత పెద్ద సంస్థ నీడలో ఉంటూ పిల్లలకు బిస్కెట్లు, టీతో పూట గడిపే ఇళ్ళను నేను చూస్తూనే ఉన్నాను. ఆకుకూర, పప్పు, రాగి, తినేవారికి గుడ్డు, మాంసం పెట్టండి. పక్కన నిమ్మకాయో, జామకాయో ఉంటే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనంతో టీ వద్దు. ఇనుము సిరప్పు డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి. సీసా పిల్లల చేతికి అందనివ్వకండి. మోతాదు మించితే ప్రాణాపాయం. జ్ఞాపకశక్తి టానిక్కులకు మాత్రం డబ్బు తగలెయ్యకండి.

రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, మాటిమాటికీ "ఆఁ?" అంటున్నా, నాలుగేళ్ళకు కూడా బయటివారికి మాట అర్థంకాకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించండి. ముందు చెవులు పరీక్ష చేయించండి. తరచు జలుబు చేసే పిల్లల్లో చెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం మామూలే.

మొన్న ఆదివారం మా నాలుగేళ్ళ మనవడితో మళ్ళీ ఆర్ట్స్ కాలేజీ దగ్గరకు వెళ్ళాం. వాడు చేపల కథ ఎత్తుకున్నాడు. ఆవును కాపరి ఎందుకు మేపలేదంటే, తార్నాక చౌరస్తాలో సిగ్నల్ పడి ఆగిపోయాడట! మా అమ్మాయి దిద్దబోయింది. నేను చెయ్యి నొక్కి వారించాను. అది నావంక చూసి, "నన్ను మాత్రం మూడుసార్లు దిద్దావు" అన్నది.

దానికి జ్ఞాపకం ఉంది. నాకు నోట మాట రాలేదు. "తర్వాత ఏమయిందిరా?" అని మనవణ్ణి అడిగాను.

ఈ రాత్రి మీరూ అడగండి. అడిగి, ఆగండి.