మొక్కింది నేను, జడ పాపది

పాపకి ఆరేళ్లప్పుడు విషజ్వరం వచ్చింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని, "బిడ్డ గట్టెక్కితే దాని తలనీలాలు నీకే తల్లీ" అని గుణదల మాతకి మొక్కేశాను. పాప కోలుకుంది. మొక్కు మాత్రం ఈ ఏడు కాదు, వచ్చే ఏడని వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడది పదో తరగతి. జడ నడుం దాటింది.

ఫిబ్రవరి 11 పండగ దగ్గర పడుతుంటే సంగతి చెప్పాను. "నన్నడిగావా అమ్మా?" అంది. "నీ కోసమే కదా మొక్కింది!" అని కసిరాను.

ఆ రాత్రి న్యాయాధిపతులు 11వ అధ్యాయం తీశాను. యుద్ధం గెలిస్తే ఇంట్లోంచి ముందుగా ఎదురొచ్చేది దేవుడిదేనన్నాడు యెఫ్తా. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. అంత మొక్కు మొక్కమని దేవుడు అతన్ని అడగలేదు. నోరు జారింది తను. అయినా బట్టలు చింపుకుని, నన్ను కుంగదీశావంటూ కూతుర్నే అన్నాడు. సాయంత్రం నేను చేసిందీ అదేగా!

మర్నాడు ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లాను. "మొక్కు మొక్కినవాళ్లనే కట్టేస్తుందమ్మా, పక్కవాళ్లని కాదు. సభ చట్టం కూడా అదే చెబుతుంది" అన్నారు.

పండగనాడు గుణదలలో తలనీలాలు ఇచ్చింది నేను. కొండ దిగేటప్పుడు పాప తన చున్నీ తీసి నా తలకి కప్పింది.

భయంలో ఇప్పటికీ మొక్కులు నోటిదాకా వస్తాయి. నాది కానిది ఇవ్వబోతున్నానేమోనని ఒక్క క్షణం ఆగుతున్నాను.