పొట్టు పడాల్సిన చోట పిండి

సైలెన్సర్ కోస్తే బండికి బలం వస్తుందని ఆర్‌ఎక్స్ 100 బైకుల కాలం నుంచి మా ఊళ్లలో ఒక నమ్మకం. నేనూ నమ్మాను. నమ్మి ఊరుకోకుండా రంపం మిషను మీద ప్రయోగించాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ చుట్టుపక్కల మా ఉద్దానం తోటల్లో కొబ్బరి మాన్లు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కూలి ఎంతిస్తామన్నా కోసేవాళ్లు దొరకలేదు. నేనే ఒక పాత రంపం మిషను కొన్నాను. మొదట్లో బాగానే కోసింది. తర్వాత మానులోకి దిగనని మొరాయించింది. మీద పడి నొక్కాల్సొచ్చేది. ఇంజనుకు బలం చాలట్లేదనుకున్నాను. నా చోట మీరున్నా అలాగే అనుకునేవారు.

సైలెన్సర్ విప్పాను. నిప్పురవ్వల్ని ఆపే జాలీ పీకేశాను. పొగ పోయే రంధ్రాన్ని డ్రిల్లుతో వెడల్పు చేశాను. తాడు లాగగానే ఏం అరుపు! పక్క తోటల వాళ్లు కూడా తిరిగి చూశారు. నా ఛాతీ ఉప్పొంగింది.

పొగ సులువుగా పోతే ఇంజను గాలి ఎక్కువ లాగుతుంది. దానికి తగ్గట్టు కార్బరేటర్ మీది హెచ్ స్క్రూ కాస్త వదులు చేసి పెట్రోలు పెంచాలి. నేను దాని జోలికే పోలేదు. ఈ ఇంజన్లకు విడిగా ఆయిలు ఉండదు. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం లీటరు పెట్రోల్లో 20 మిల్లీలీటర్లో, 40 మిల్లీలీటర్లో మనం కలిపిందే దిక్కు. పెట్రోలు చాలకపోతే జిడ్డూ చాలదు, వేడీ దిగదు. సరిగ్గా తాగే మిషను ఖాళీగా పూర్తి రేజు ఇస్తే కాస్త గరగరలాడుతుంది. నాది సన్నగా గీపెట్టేది. ఆకలి కేకను నేను బలం అనుకున్నాను.

మాన్లు మోయడానికొచ్చిన ఒక పెద్దాయన కాసేపు చూసి, "ఏటి బాబూ, మాను కోత్తన్నావా, పిండాడిత్తన్నావా?" అన్నాడు. నవ్వేసి ఇంకా గట్టిగా నొక్కాను. ఆ మధ్యాహ్నమే మిషను ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. తాడు కదల్లేదు.

పలాసలో మెకానిక్కు సిలిండరు విప్పి పిస్టను నా చేతిలో పెట్టాడు. సైలెన్సర్ వైపు నిలువునా గీతలు, రెండోవైపు నున్నగా మెరుస్తోంది. గాలీ పెట్రోలూ వచ్చే వైపు చల్లగా ఉంటుంది, మంట పోయే వైపే ముందు కాలుతుందని చెప్పాడు. అప్పటికీ నాకు సగమే అర్థమైంది. అతను రంపం చైను అందుకుని బొటనవేలు ఆనించి, "పళ్లేవీ?" అన్నాడు. పదునున్న పన్ను కొయ్యను పొట్టుగా చెక్కుతుంది. మొండిది అరగదీసి పిండి రాలుస్తుంది. కొబ్బరి పీచూ, తోటలోని ఇసకా కలిసి నా చైను పళ్లను ఎప్పుడో తినేశాయి. ఇంజనుకు బలం ఏనాడూ తగ్గలేదు. నేను పెంచానని మురిసిపోయినదంతా మొండి పళ్లను మానుకేసి రుద్దడానికే పోయింది. పెద్దాయన అడిగింది వేళాకోళం కాదని, మిషనుకున్న రోగమేంటో చెప్పాడని అప్పుడు తెలిసింది.

ఇంజను జోలికి పోవద్దని అనను. పోయే ముందు కింద ఏం పడుతోందో చూడండి. పిండి అయితే ఒక గుండ్రటి ఆకురాయి కొనుక్కోండి, చాలు. పొట్టే పడుతున్నా మనసు ఆగకపోతే సైలెన్సర్ విప్పిన పూటే హెచ్ స్క్రూ కూడా సరిచేయించండి. నేను ఆకురాయి డబ్బులు మిగుల్చుకుని, పిస్టనూ సిలిండరూ కొన్నాను.