గ్లామిస్ ఇసుకలో నీళ్ల లెక్క

ఫీనిక్స్ నుంచి యూమా దాకా దారి గురించి రాయడానికి ఏమీ లేదు. ఎడారి, ట్రక్కులు, నోట పెట్టలేని బంకు కాఫీ. యూమా దాటి కాలిఫోర్నియాలోకి వచ్చాక మాత్రం ఇసుక లేచి నిలబడుతుంది. ఇవి అల్గొడోనెస్ దిబ్బలు. దాదాపు 45 మైళ్ల పొడవు, కొన్నిచోట్ల 300 అడుగుల ఎత్తు. కార్లు వీటిని దాటడానికి 1915లో చెక్క పలకలు పరిచి రోడ్డు వేశారు. 1926 దాకా అదే గతి. ఒక్క బండికే చోటున్న ఆ పలకల మీద ఎదురెదురుగా రెండు కార్లొస్తే ఎవరు వెనక్కి తగ్గాలన్న దగ్గర తగాదాలయ్యేవట. పలకల అవశేషాలు ఇంకా ఉన్నాయి. మనుషుల తొందర కూడా అలాగే ఉంది.

మేం వెళ్లింది ఈ దిబ్బల్లో బళ్లు తోలేవాళ్లకు తీర్థంలాంటి గ్లామిస్‌కు. చలికాలం వారాంతాల్లో ఇసుక మధ్య ఒక ఊరే వెలుస్తుంది. మా బావమరిది సెకండ్ హ్యాండ్‌లో యమహా బాన్షీ కొన్నాడు, దాన్ని ట్రైలర్ మీద ఎక్కించుకొచ్చాం. నాలుగు చక్రాలు, రెండు సిలిండర్లు, 347 సీసీ టూ స్ట్రోక్. 1980ల్లో మన దగ్గర ఎస్కార్ట్స్ వాళ్లు తయారుచేసిన రాజ్‌దూత్ 350 గుర్తుందా? ఆ యమహా ఇంజిన్‌కు గాలే చల్లదనం. అదే వంశంలో తర్వాతి తరానికి యమహా చుట్టూ నీళ్లు తిరిగే ఏర్పాటు చేసింది. ఆ ఇంజినే కొన్ని మార్పులతో బాన్షీలోకి వచ్చింది. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మారు. అందుకే కాబోలు, ఆ క్యాంపులో దిగగానే ముక్కుకు తగిలిన నీలిపొగ వాసన నన్ను యమహా ఆర్ఎక్స్ 100 బైకుల కాలంలోకి లాక్కెళ్లింది.

వాసన తప్ప మిగతా సుఖాలేవీ లేవు. రాత్రంతా జనరేటర్ల మోత, టెంటులోకి ఇసుక, ఎముకలు కొరికే చలి. వెంట తెచ్చుకున్న పులిహోర లేకపోతే నేను తిరుగుముఖం పట్టేవాణ్ణే.

బండి చదునులో బాగానే పోతోంది. పెద్ద దిబ్బ ఎక్కించి తెస్తే మాత్రం రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి. కింద చుక్క పడలేదు, గొట్టాలన్నీ పొడిగా ఉన్నాయి. చుట్టూ మూగినవాళ్లలో ఒకరు మూత మార్చమన్నారు, ఒకరు వాటర్ పంప్ అన్నారు, ఇంకొకరు కారే చోటు పూడ్చే పొడి డబ్బా చేతిలో పెట్టబోయారు. పక్క క్యాంపులో మడత కుర్చీలో కూర్చుని, కుక్కను నిమురుతూ ఇదంతా వింటున్న ఒక పెద్దాయన మాత్రం ఏ సలహా ఇవ్వలేదు. "ఎప్పుడు తగ్గుతున్నాయి? నిలబడ్డప్పుడా, ఎక్కేటప్పుడా?" అని అడిగారు. ఈ రాతంతా ఆ ప్రశ్న కోసమే.

"ఎక్కేటప్పుడే," అన్నాడు మావాడు.

"అయితే ముందు చల్లారనివ్వండి. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది."

చల్లారేలోగా ఆయన చెప్పిందిది. నీళ్లు ఊరికే మాయం కావు. పోవడానికి దారులు నాలుగే. గొట్టాల నుంచో రేడియేటర్ నుంచో బయటికి. మూత బిగువు తగ్గితే మరిగి పొంగి బయటికి. వాటర్ పంప్ సీలు పోతే గేర్‌బాక్సులోకి. లేదా సిలిండర్‌కూ దాని మీది హెడ్‌కూ మధ్య ఉండే గాస్కెట్ దాటి సిలిండర్‌లోకి. ఒక్కో దారీ మూసుకుంటూ పోతే దొంగ చివరి దారిలో దొరుకుతాడు. ఏ నట్టూ ఊడదీయకముందే చాలా భాగం తేలిపోతుంది.

టూ స్ట్రోక్‌లో ఇంజిన్ ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోతుంది. గేర్‌బాక్సు నూనె వేరు. దాన్ని కాస్త దింపి టార్చి వెలుగులో చూపించారు. నీళ్లు కలిస్తే పాలు పోసిన కాఫీ రంగుకు తిరగాలి. ఇది తేటగా ఉంది. పంప్ సీలు నిర్దోషి. తర్వాత రేడియేటర్ మూతికి చేతిపంపు బిగించి 15 పౌండ్ల ఒత్తిడి ఎక్కించారు. ముల్లు కదల్లేదు. బయటికి కారడం లేదు. మూతనూ అదే పంపుతో పరీక్షించారు, ఆగింది. ఒత్తిడిలో ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, అందుకే మూత బిగువుకు అంత విలువ.

"మరి అన్నీ బాగుంటే పోతున్నదేంటండీ?" అన్నాను.

"మనం ఎక్కించింది 15 పౌండ్లు. కొండెక్కేటప్పుడు సిలిండర్‌లో మంట పుట్టించేది కొన్ని వందలు. చల్లని ఇంజిన్ అబద్ధం చెప్పదు గానీ నిజమంతా చెప్పదు."

ప్లగ్గులు తీయించారు. ఎడమది గోధుమ రంగులో మామూలుగా ఉంది. కుడిది కొత్తదానిలా తెల్లగా ఉంది. ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే పిస్టన్ తలమీద ఒక వైపు మసి లేకుండా చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా మెరుస్తోంది. నీళ్లు లోపలికి చేరి ఆవిరై, మసిని కడిగేశాయి. ప్లగ్గులు మళ్లీ బిగించి, రేడియేటర్‌ను అంచుదాకా నింపి, మూత లేకుండా స్టార్ట్ చేయించారు. నెమ్మదిగా తిరుగుతున్నంతసేపు ఏమీ లేదు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా సన్నటి బుడగలు వరసకట్టి పైకొచ్చాయి.

లెక్క తేలింది. ఎక్కేటప్పుడు మంట ఒత్తిడి గాస్కెట్ సందులోంచి నీళ్లలోకి దూరి, వాటిని మూత గుండా పక్క సీసాలోకి, అక్కణ్ణుంచి ఇసుకలోకి తోసేస్తోంది. ఇంజిన్ ఆపాక అదే సందులోంచి మిగిలిన నీళ్లు వెనక్కి సిలిండర్‌లోకి జారుతున్నాయి. దారి ఒకటే, రాకపోకలు రెండు.

హెడ్ విప్పితే గాస్కెట్ మీద సిలిండర్ నుంచి నీటి కన్నం దాకా నల్లటి చార. హెడ్ మీద స్టీలు స్కేలు నిలబెడితే కింద వెలుగు సందు. కంపెనీ తప్పేమీ లేదని, ఎవరో మునుపు నట్లు అడ్డదిడ్డంగా బిగించి ఉంటారని ఆయన అంచనా. దళసరి గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, నూనె వేసి, హెడ్‌ను ఎనిమిది అంకె ఆకారంలో ఓపిగ్గా రుద్దారు. కొత్త గాస్కెట్ అక్కడి దుకాణాల వరసలోనే దొరికింది. నట్లు ఎదురెదురుగా, విడతలు విడతలుగా, టార్క్ రెంచ్‌తో బిగించారు. ముందు చక్రాలు గట్టు మీదికెక్కించి రేడియేటర్ నింపితే గాలి బుడగలు పైకి తేలిపోతాయి. కూలెంట్ కలిసిన పాత నీళ్లను చుక్క పోకుండా పళ్లెంలో పట్టి డబ్బాకెత్తారు. కూలెంట్ తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, నాకితే చస్తాయి. డబ్బులిస్తే ఆయన పుచ్చుకోలేదు. పులిహోర మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నారు.

మర్నాడు ఓల్డ్స్‌మొబైల్ హిల్ అనే పేరుమోసిన దిబ్బ ఎక్కించాడు మావాడు. చల్లారాక మూత తీస్తే నీళ్లు అంచునే ఉన్నాయి. కొండెక్కడం నాకంత రుచించలేదు. రోదా, కుదుపూ తప్ప అందులో ఆలోచన లేదు.

తిరుగు దారిలో ఐ-8 హైవే పక్కన ఆల్ అమెరికన్ కాలువ దగ్గర ఆగాం. కొలరాడో నది నీళ్లను ఈ ఇసుక మీదుగా ఇంపీరియల్ లోయ పొలాలకు తీసుకెళ్లే కాలువ, 80 మైళ్లు. మట్టి కాలువ కావడంతో ఏళ్ల తరబడి నీళ్లు ఇంకిపోయాయి. చివరికి 23 మైళ్ల మేర పక్కనే కాంక్రీటు కాలువ కట్టారు. ఏటా 67,700 ఎకరా అడుగుల నీళ్లు మిగులుతున్నాయి, అందులో అత్యధిక భాగం శాండియాగో ప్రాంతానికి వెళ్తుంది. అయితే ఇంకిన నీళ్లు ఊరికే పోలేదు. సరిహద్దు అవతల మెహికాలి రైతుల బావుల్లో ఊరేవి. కాలువకు కాంక్రీటు వేయొద్దని వాళ్లు పోరాడారు, అమెరికా కోర్టుల్లో ఓడిపోయారు.

ఇంజిన్‌లో నీళ్లు తప్పుదారి పడితే దారి మూసేసి చేతులు దులుపుకోవచ్చు. కాలువ దగ్గర ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఇంకెవరైనా నీళ్లు ఆదా చేశామని గొప్పగా చెబితే, అంతకుముందు అవి ఎవరికి చేరేవని అడుగుతాను.