విద్య వృథ పోదు

ఒక విద్య నేర్చి వేరొక పనిలో ప్రవేశించినవానిని చూచి, "ఇన్నేండ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరయ్యెను" అని పెద్దలు వగచుట కలదు. ఆ మాట ఎంతవరకు నిజమో నా పూర్వవిద్యార్థి ఒకడు నాకు తెలిపెను.

అతడు తార్నాకలోని పరిశోధన సంస్థలో ఆరేండ్లు రసాయనశాస్త్రమున కృషిచేసి పట్టము పొందినవాడు. ఆ సంస్థ 1944లో కేంద్ర ప్రయోగశాలగా వెలసి, 1989 నుండి భారత రసాయన సాంకేతిక సంస్థ అను పేర వర్ధిల్లుచున్నది. ఇప్పుడతడు ప్రయోగశాలను విడిచి, ఔషధ పదార్థముల సమాచారమును కంప్యూటరులలో కూర్చు ప్రాజెక్టు నొకదానిని నడుపుచున్నాడు. ఈ విద్యకు ఇన్ఫర్మాటిక్స్ అని పేరు. కుమారుడు శాస్త్రవేత్త కావలెనని పొలమమ్మి చదివించిన తండ్రికి ఈ మార్పు మింగుడుపడలేదు. రెండేండ్లుగా ఆయన కొడుకుతో మనసిచ్చి మాటాడుట లేదు.

ఒక ఆదివారము అబిడ్స్ కాలిబాటపై పాతపుస్తకములు చూచుచుండగా ఆ శిష్యుడు కనబడెను. ఇరువురము నాంపల్లి వైపునకు నడచితిమి. "నీ యిప్పటి పనిలో రసాయనశాస్త్రముతో అవసరమేమి నాయనా?" అని అడిగితిని.

"గురువుగారూ, మనము ఉప్పందుము, పుస్తకములు సోడియం క్లోరైడనును, ఒక్కొక్క దేశమున ఒక్కొక్క పేరు. పేరు పొరపడినచో మందు పొరపడును. అందుచేత అమెరికా రసాయన సంఘమువారి సంస్థ 1965 నుండి ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చుచున్నది. నీటి సంఖ్య 7732-18-5. ఇందు చివరి అంకె తక్కినవానికి కావలి. దానిని విడిచి, మిగిలిన అంకెలను కుడినుండి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5, 6లతో గుణించి కూడినచో 105 వచ్చును. దాని చివరి అంకె 5. వ్రాతలో తప్పు దొరలినచో చాలవరకు ఈ లెక్క పట్టియిచ్చును."

నాంపల్లిలో ఇంటర్మీడియట్ బోర్డువారి విద్యాభవనము కనబడగానే అతడు మరల ఇట్లనెను: "ఒకే పేరుగల విద్యార్థుల మార్కులు తారుమారు కాకుండ కాపాడునదియు సంఖ్యయే కదా! రసాయనవేత్తల మాట కంప్యూటరు నిపుణులకు తెలియదు. వీరి మాట వారికి తెలియదు. నేను వారి నడుమ దుబాసిని. సీసాకు చీటీ అంటించుట, చేసినది ఆనాడే వ్రాసియుంచుట నాకు ప్రయోగశాల నేర్పినవే."

ఈ దారిన నడచినవారిలో యూజీన్ గార్‌ఫీల్డు ప్రసిద్ధుడు. ఆయన 1949లో కొలంబియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్ర పట్టభద్రుడై, 1964లో ఏ శాస్త్రవ్యాసమును ఎవరెవరు ఉదహరించిరో తెలుపు మహాసూచికను వెలువరించెను.

ఆ వారమే నేను పాలమూరు సమీపమున ఉన్న పల్లెకు పోయి, శిష్యుని తండ్రికి నీటి సంఖ్యను లెక్కవేసి చూపితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "పంతులుగారూ, విత్తనాల సంచికి చీటీ లేకున్న ఏమగునో నాకు తెలియదా?" అనెను. ఆ రాత్రి కుమారునికి తానే ఫోను చేసెనట.

బాలలారా! ఉప్పు సంఖ్య 7647-14-5. కావలి అంకె సరిగా నున్నదో లేదో మీరే లెక్కవేసి చూడుడు.