అతిథుల జాబితా

ఒక ఇంటి పరువు ఎంతటిదో తెలియాలంటే ఆ ఇంటి పెళ్లికి ఎవరెవరిని పిలిచారో చూడాలని మా ఇంట్లో పెద్దవాళ్లు అనేవారు. పిలవని పేరంటానికి వెళ్లకూడదన్న నియమం అతిథికి ఎంత ముఖ్యమో, ఎవరిని పిలవాలన్న వివేకం గృహస్థుకు అంత ముఖ్యం. ఫుట్‌బాల్ ఆహ్వాన పోటీల చరిత్ర తిరగేసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తుకు వస్తుంది. ప్రపంచ కప్పులో ఆడాలంటే అర్హత సంపాదించుకోవాలి. ఆహ్వాన పోటీలో ఆడడానికి పిలుపు అందితే చాలు. కాబట్టి అక్కడ మొదటి ఆట మైదానంలో జరగదు. అతిథుల జాబితా రాసే బల్ల దగ్గర జరుగుతుంది.

మన దేశం ఇలా నలుగురినీ పిలిచి జరిపిన పోటీల్లో అన్నిటికన్నా పెద్దది నెహ్రూ కప్పు. అది 1982లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మొదలయింది. అప్పటికి మన ఫుట్‌బాల్ వైభవం గతించి చాలాకాలమైంది. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టు మనది; అదే రహీం చేతిమీదుగా 1962 జకార్తా ఆసియా క్రీడల తుదిపోరులో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలుచుకున్న జట్టు మనది. ఆ మరుసటి ఏడాదే రహీం కన్నుమూశారు. ఆ రోజుల్లో మనం గొప్ప అతిథులం. మలయా తన స్వాతంత్ర్యానికి గుర్తుగా 1957లో మెర్డెకా పోటీలు ప్రారంభిస్తే, మనం వెళ్లి 1959లోను, 1964లోను రెండో స్థానంలో నిలిచి వచ్చాం. ఇరవై ఏళ్లు గడిచేసరికి అతిథిగా మన గౌరవం తగ్గింది. అప్పుడు మనమే గృహస్థులమయ్యాం.

గృహస్థులుగా మాత్రం మన పిలుపులో పిసినారితనం లేదు. మొదటి ఏడాది ఉరుగ్వే వచ్చింది, ఫైనల్లో చైనాను 2-0తో ఓడించి కప్పు పట్టుకుపోయింది. 1983లో కొచ్చిన్‌లో హంగరీ, 1984లో కలకత్తాలో పోలండ్ గెలిచాయి. ఆ తరువాత 1985 నుంచి 1988 దాకా వరుసగా నాలుగుసార్లు సోవియట్ యూనియన్ విజేత. కొచ్చిన్, తిరువనంతపురం, కాలికట్, సిలిగురి - ఈ నాలుగు ఊళ్లలోనూ వాళ్లదే కప్పు. 1989లో గోవాలో హంగరీ వాళ్ల జోరుకు అడ్డుకట్ట వేసింది. 1991లో రుమేనియా, 1993లో మద్రాసులో ఉత్తర కొరియా, 1995, 1997లలో ఇరాక్ గెలిచాయి. 1997 దాకా పన్నెండుసార్లు జరిగిన ఈ పోటీలో ఆతిథ్యమిచ్చిన భారత జట్టు ఒక్కసారైనా ఫైనల్ చేరలేదు.

ఈ జాబితాను తీరిగ్గా చదివితే అది ఆటల పట్టికలా కాక పాత ప్రపంచ పటంలా కనిపిస్తుంది. 1985 ఫైనల్ ఆడినవి సోవియట్ యూనియన్, యుగోస్లావియా. ఆ రెండు దేశాలూ ఈనాడు లేవు. 1995లో ఇరాక్ రష్యాను ఓడించిన నాటికి ఆ దేశం ఐక్యరాజ్యసమితి ఆంక్షల కింద నలుగుతోంది. నెహ్రూ పేరు పెట్టుకున్న కప్పుకు నెహ్రూ విదేశాంగ నీతి నాటి స్నేహాలు నీడలా వెంట వచ్చాయేమో అనిపిస్తుంది. అయితే స్నేహం కోసమే వచ్చారనుకుంటే పొరపాటు. పోటీలు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరిగేవి. ఐరోపాలో మైదానాలు మంచు కప్పుకుని ఉండే ఆ రోజుల్లో మలబారు ఎండ వాళ్లకు మంచి సాధనశాల. కొన్ని దేశాలు ప్రధాన జట్లను కాక ఒలింపిక్ జట్లనో, కుర్రవాళ్లనో పంపేవి. ఇంటాయనకు తీరిక లేకపోతే పెద్దకొడుకును పెళ్లికి పంపడం మనకు మాత్రం తెలియని సంగతా?

1984లో అర్జెంటీనా కూడా వచ్చింది. శిక్షకుడు కార్లోస్ బిలార్దో. రెండేళ్ల తరువాత మెక్సికోలో ప్రపంచ కప్పు గెలిపించినవాడు ఆయనే. కలకత్తాలో మనమీద ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క గోలుతో. ఆ గోలు గారెకాది. ఈ 0-1 ఓటమిని మా మామయ్య మరొకరు విజయాన్ని చెప్పుకున్నంత గర్వంగా చెప్పేవాడు.

మామయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. సికిందరాబాదు మైదానాల్లో ఆడి ఆడి ఎడమ మోకాలు పోగొట్టుకున్నవాడు. అమ్ముగూడలో పుట్టి భారత జట్టుకు ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరాంను మా ఊరి దేవుడిలా తలచేవాడు. నెహ్రూ కప్పు ఏనాడూ హైదరాబాదుకు రాలేదన్నది ఆయన జీవితకాలపు ఫిర్యాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన నగరం ఇది. అయినా కప్పు కలకత్తాకు వెళ్లింది, కేరళకు వెళ్లింది, సిలిగురికి సైతం వెళ్లింది, మన దగ్గరకు రాలేదు. చివరికి 1993లో మద్రాసుకు వచ్చినప్పుడు మామయ్య సెలవు పెట్టి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చూసి వచ్చాడు.

ఆయన తిరిగి వచ్చాక అడిగాను, "మనవాళ్లు ఎట్లాగూ ఓడిపోతారని తెలిసి అంత దూరం ఎందుకు మామయ్యా?" అని.

"మనకన్న పెద్దోళ్లని పిలవాలె రా. ఓడిపోతం. అయితే ఏంది? ఆట ఎట్ల ఉంటదో మన పోరలు కండ్లార చూస్తరు గద" అన్నాడు.

ఆ మాటను నేను చాలా ఏళ్లు నమ్మాను. ఇప్పటికీ సగం నమ్ముతాను. మిగతా సగం ఎందుకు నమ్మలేనో కూడా ఈ కప్పు చరిత్రలోనే ఉంది. చైనా జట్టు 1982, 1983, 1984, 1986 - నాలుగుసార్లు ఫైనల్లో ఓడింది. ఓడినా మళ్లీ వచ్చింది. 2002లో ప్రపంచ కప్పులో ఆడింది. మనం పదిహేనేళ్లపాటు ఇంటి పెరట్లోనే గొప్ప ఆటను చూశాం. కాని చూసినదాన్ని నేర్పే బడులు, ఆడించే మైదానాలు, కుర్రవాళ్లకు ఏడాది పొడవునా సాగే పోటీలు ఆ వేగంతో పెరగలేదు. విందుకు వంట బ్రాహ్మణులను పిలిచి, వాళ్లు వండి వెళ్లాక మళ్లీ మన పొయ్యిలో పిల్లి పడుకున్నట్టయింది.

1997 తరువాత పదేళ్లు కప్పు జరగలేదు. ఈలోగా ఆట లోకం మారిపోయింది. ప్రపంచ సమాఖ్య అంతర్జాతీయ మ్యాచ్‌లకు తేదీలు నిర్ణయించడం, క్లబ్బులు తమ ఆటగాళ్లను ఆ తేదీలకు మించి వదలకపోవడం - వీటితో మూడు వారాలపాటు ఒక దూరదేశంలో విడిది చేసే తీరిక పెద్ద జట్లకు లేకుండా పోయింది. 2007లో ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో కప్పు మళ్లీ ప్రాణం పోసుకున్నప్పుడు అతిథుల జాబితా చూడండి: సిరియా, బంగ్లాదేశ్, కంబోడియా, కిర్గిజ్‌స్తాన్. బాబ్ హౌటన్ శిక్షణలో మనవాళ్లు ఫైనల్లో సిరియాను 1-0తో ఓడించారు. గోలు ప్రదీప్‌ది. పాతికేళ్లలో తొలిసారి కప్పు మనింట్లోనే ఉండిపోయింది. 2009లో మళ్లీ సిరియానే పెనాల్టీలలో ఓడించాం. 2012లో కామెరూన్ తన అసలు తారలు లేని జట్టును పంపితే, అదీ పెనాల్టీలలోనే గెలిచాం. ఆ తరువాత కప్పు మళ్లీ జరగలేదు.

2007లో ఆ గెలుపు టీవీలో చూస్తూ నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మామయ్య కొట్టలేదు. సంతోషంగానే ఉన్నాడు, కాని "మంచిగైంది. ఇగ పెద్దోళ్లని పిలుస్తరా?" అని ఒక్కమాట అడిగి ఊరుకున్నాడు. గెలవగలిగినవాళ్లనే పిలిచి గెలవడం మీద ఆయనకు గౌరవం లేదు. నాకు మాత్రం, ఎప్పుడూ ఓడిపోయే ఇంటి పిల్లలకు ఒక్కసారి గెలుపు రుచి చూపించడమూ అవసరమేననిపించింది. ఈ వాదం మా ఇద్దరి మధ్యా తేలకుండానే ఆయన వెళ్లిపోయాడు.

2018లో మన సమాఖ్య ఇంటర్‌కాంటినెంటల్ కప్పు పేరుతో కొత్త ఆహ్వాన పోటీ మొదలుపెట్టింది. ముంబయిలో తొలి మ్యాచ్ చూడవచ్చినవారు 2,569 మంది. మనవాళ్లు చైనీస్ తైపీని 5-0తో చిత్తు చేసినా చూసే దిక్కు లేదు. మమ్మల్ని తిట్టడానికైనా మైదానానికి రండని కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడియోలో వేడుకుంటే, తరువాతి మ్యాచ్‌కు మైదానం నిండింది. అతిథులను పిలవడం తెలిసిన మనం మన ఇంటివాళ్లనే బతిమాలి పిలుచుకోవలసి వచ్చింది. ఆ ఏడాది, మళ్లీ 2023లో భువనేశ్వర్‌లో కప్పు మనదే. మధ్యలో 2019లో అహ్మదాబాద్‌లో ఉత్తర కొరియా గెలిచింది.

2024 సెప్టెంబరులో ఆ కప్పు హైదరాబాదు వచ్చింది, గచ్చిబౌలికి. పిలిచినవి రెండే జట్లు: మారిషస్, సిరియా. మారిషస్‌తో 0-0. సిరియాతో 0-3. రెండు ఫైనళ్లలో మన కప్పును అందుకోలేక వెళ్లిన సిరియా ఈసారి రహీం సాహెబు ఊళ్లోనే కప్పు ఎత్తుకుంది. 2007లో మేమిద్దరం చూసిన ఆ అతిథి ఈ పదిహేడేళ్లలో అంతర్యుద్ధంలో కూలిన ఇళ్లను దాటుకుని వచ్చాడు. మనం ఏం దాటుకుని వచ్చాం?

ఇది నింద కాదు. ఓడిపోతామన్న భయంతో తలుపు మూసుకోవడం కన్నా ఓడినా తలుపు తీయడం మేలని నేటికీ నా అభిప్రాయం. కాని అతిథి వెళ్లిన మర్నాడు గృహస్థు ఏం చేస్తాడన్నది అతిథుల జాబితాలో కనిపించదు. గిన్నెలు కడిగి, వాకిలి ఊడ్చి, వచ్చినవాడి దగ్గర చూసిన మంచిని పిల్లలకు నేర్పించే ఇల్లే నిలబడుతుంది. రహీం చేసింది ఆ పనే. బడిలో పాఠం చెప్పినట్టే మైదానంలోనూ చెప్పాడు. ఆయన తరువాత మనం విందులు చాలానే చేశాం. మర్నాటి పని మాత్రం ఇంకా మిగిలే ఉంది.