ముద్దయీ - ముద్దాయి

ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసేవాడు. అదే మాట తెలుగులోకి వచ్చి ముద్దాయి అయ్యేసరికి అర్థం తిరగబడి నేరం మోపబడ్డవాడు అయ్యాడు. రెండు భాషల్లోనూ వార్తలు రాసి బతుకుతున్న నాకు ఈ తిరకాసు తరచూ తగులుతూనే ఉంటుంది. హక్కు, ఫిర్యాదు, వకీలు, ఖైదు, జామీను... మీ కోర్టు భాషలో సగం మా ఇంటి మాటలే. అయినా మమ్మల్నే ఎక్కణ్నుంచి వచ్చారని అడుగుతారు!

మాటల సంగతి అలా ఉంచండి. మా వైపు మనుషులకే ఈ గతి పట్టింది.

నాతవరంలో పెద్ద జబ్బు చేస్తే మాకు దిక్కు నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి. అక్కడ మత్తుమందు డాక్టరు సుధాకర్. దళితుడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా ముంచుకొస్తున్న రోజుల్లో, డాక్టర్లకు ఎన్-95 మాస్కులు ఇవ్వడం లేదని కెమెరా ముందే అన్నారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టి, ఆటోలో ఎక్కించి తీసుకెళ్లడం దేశమంతా చూసింది. తాగి గొడవ చేశాడన్నారు పోలీసులు. మానసిక వైద్యశాలలో పెట్టారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. సరిగ్గా ఏడాదికి, 2021 మేలో, గుండెపోటుతో ఆయన పోయారు.

తాగారా లేదా అన్నది కాదు నా ప్రశ్న. తాగినవాడివైతే మాత్రం చేతులు అలా విరిచి కట్టొచ్చా?

ఈ మాటే అంటుంటే టీకొట్టు దగ్గర ఒకాయన, "సాయిబుగారూ, ఇది మీవాళ్ల గొడవ కాదు కదండీ, మీకెందుకు?" అన్నాడు. చెడ్డవాడు కాదు. రంజానుకి మా ఇంట్లో సేమ్యా తినేవాడే. కానీ మావాళ్ల గొడవ రాస్తే మాత్రం ఊరుకుంటారా? "మీవాళ్లు కాబట్టి రాస్తారు" అంటారు. ఇటు రాసినా తప్పే, అటు రాసినా తప్పే.

సరే, మావాళ్ల సంగతే చూడండి. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిదిమంది పోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. చచ్చిందీ మేమే, పట్టుకుపోయిందీ మమ్మల్నే. యువకుల్ని అక్రమంగా నిర్బంధించి హింసించారని మైనారిటీ కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది రవిచందర్ నివేదిక ఇచ్చారు. నిర్దోషులని తేలాక ప్రభుత్వం నష్టపరిహారంతో పాటు సత్ప్రవర్తన పత్రాలూ ఇచ్చింది. నువ్వు మంచివాడివేనని సర్కారు రాసిచ్చే కాగితం! మీలో ఎందరికి అలాంటి కాగితం అవసరమైంది? ఆ పరిహారం కూడా చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. ఇక పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్నవాళ్లంతా 2018లో నిర్దోషులుగా బయటపడ్డారు. మరి బాంబు పెట్టిందెవరు?

అదే ఏడాది ఆగస్టులో, మా వెనక కొండల్లోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు ఆడవాళ్లు ఫిర్యాదు చేశారు. మావోయిస్టులు చెప్పించిన మాటలని వాళ్లమీదే నింద వేశారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు పోలీసుల్ని విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపట్టి, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇమ్మంది. పదహారేళ్లు!

నేను మీవాళ్లు, మావాళ్లు అని విడదీయలేకపోవడానికి కారణం ఇది. 2001లో నల్గొండలో హత్యకు గురైన పౌరహక్కుల సంఘం నాయకుడు ఆజం అలీని "మీకెందుకండీ" అని అడిగినవాళ్లు ఎందరుండి ఉంటారో! ఆయన పేరు మావాళ్లలోనే చాలామందికి తెలియదు.

ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి, ఓట్లు వేస్తూనే ఉన్నాం. 2019లో పత్రికలపై కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకిస్తూ 2430 జీవో వచ్చింది. 2023 జనవరిలో రోడ్ల మీద సభలు కట్టడి చేస్తూ 1వ నంబరు జీవో. దాన్ని మేలో హైకోర్టు కొట్టేసింది. 2024లో ప్రభుత్వం మారింది. ఆ నవంబరులో సోషల్ మీడియా పోస్టులకు అవతలి పక్షంవాళ్లు వరసగా అరెస్టయ్యారు. కుర్చీలో ఎవరున్నా పోలీసు స్టేషన్ గుమ్మం ఎత్తు తగ్గలేదు. మానవ హక్కుల కమిషన్‌కి వెళదామా అంటే 2021లో దాని ఆఫీసు కర్నూలులో తెరిచారు. నాతవరం రాష్ట్రానికి ఈ కొస, కర్నూలు ఆ కొస.

అర్జీలు రాసిపెట్టమని నా దగ్గరికి జనం వస్తుంటారు. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకి పైసా తీసుకోకుండా ఇవ్వాలి. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలోనూ 173వ సెక్షన్ అదే చెబుతోంది. స్టేషన్లో గట్టిగా అడిగి తీసుకోండని చెబుతాను. కాగితం మడిచి పైట కొంగులోనో, లుంగీ మడతలోనో దోపుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు.

"అడిగితే మా మీదే కేసు పెడతారేమో బాబూ?"