దున్నువాని పేరు

భూమి ఎవరిదన్న ప్రశ్నకు దస్తావేజు సమాధానం చెప్పుతుంది. దానిని సాగు చేయుచున్నది ఎవరన్న ప్రశ్నకు ఊరే సమాధానం చెప్పవలెను. ప్రభుత్వం రైతుకు నగదు సాయం చేయ సంకల్పించినప్పుడు, ఈ రెండింటిలో దేనిని ఆలకించినదన్న దానిని బట్టి ఆ సొమ్ము ఎవరి ఇంటికి చేరునో తేలుతుంది.

పశ్చిమ వంగ రాష్ట్రంలో ఈ చిక్కు చాల పాతది. పరుల పొలాన్ని కోరుకు సాగు చేయువానిని అక్కడ బర్గాదారు అంటారు. పంటలో సగం భూస్వామికి కొలవడం ఆచారంగా వచ్చినది. 1946లో లేచిన తేభాగా ఉద్యమం పంటను మూడు పాళ్లు చేసి రెండు పాళ్లు దున్నినవానికి విడువవలెనని కోరినది. కోసిన ధాన్యాన్ని భూస్వామి కళ్లానికి గాక తన కళ్లానికే చేర్చుకొందునని రైతు పట్టుబట్టినాడు. స్వాతంత్ర్యానంతరం 1955లో భూసంస్కరణ చట్టం వచ్చినది. అయితే బర్గాదారులలో అధికసంఖ్యాకుల పేర్లు ఏ రికార్డులోను లేవు. పేరు లేనివాడు హక్కును ఎట్లు రుజువు చేసుకోగలడు?

ఆ లోటు తీర్చుటకే 1978లో ఆపరేషన్ బర్గా ఆరంభమైనది. అంతవరకు రైతే కచేరీ చుట్టు తిరిగేవాడు. ఇప్పుడు అధికారులే ఊళ్లకు పోయి, పొలం పనులు ముగిసిన సాయంవేళ జనాన్ని సమావేశపరచి, ఏ చేను ఎవరు దున్నుచున్నారో నలుగురి ఎదుట విచారించి వ్రాసుకొన్నారు. ఇరుగుపొరుగుల ఎదుట అబద్ధమాడుట అంత సులభం కాదు. ఈ విధంగా సుమారు 14 లక్షల మంది పేర్లు రికార్డులకెక్కినవి. ఆ హక్కు వారసులకు కూడ సంక్రమించేది.

ఆనాడు వ్రాసిన పేరు నలుబది ఏండ్ల తరువాత మరొక విధంగా అక్కరకు వచ్చినది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం కృషక్ బంధు పథకాన్ని మొదలుపెట్టి, భూమి గలవారితో పాటు నమోదైన బర్గాదారులను కూడ అందులో చేర్చినది. 2021లో ఆ సాయాన్ని రెట్టింపు చేసి, ఎకరం గాని అంతకు మించి గాని సాగు చేయువారికి ఏటా 10,000 రూపాయలు నిర్ణయించినది. కేంద్ర ప్రభుత్వపు పి.ఎం. కిసాన్ పథకం 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ఏటా 6,000 రూపాయలు, మూడు వాయిదాలలో, తమ పేర సాగుభూమి గల కుటుంబాలకే అని అది నియమం చేసినది. 2021 మే నెలలో ఈ సొమ్ము వంగ రైతులకు కూడ అందసాగినది. ఇందుచేత ఒకే పొలంలో ఒకే నాగలి పట్టిన మనిషి కలకత్తా పుస్తకంలో రైతు అయినాడు. ఢిల్లీ పుస్తకంలో కాలేదు.

ఇక, నోటిమాటపై ఒక్క పంటకు పొలం తీసుకొని బోరో వరియో బంగాళాదుంపయో వేయువాడు ఈ రెండు పుస్తకాలలోను లేడు. విత్తనానికి అప్పు చేసినది అతడే. వడగండ్లు పడిన రాత్రి నిద్ర లేనిది అతనికే. సాయం మాత్రం పట్టణంలో ఉద్యోగం చేసుకొను పొలం యజమాని ఖాతాలో పడవచ్చును.

అధికారుల వాదంలోను సత్యం లేకపోలేదు. యాజమాన్యం స్థిరమైనది, సాగుదారు ఏటేటా మారును. పైగా కౌలుదారు పేరు వ్రాసినచో రేపు హక్కు అడుగునేమోయని యజమాని జంకును. వ్రాయించుటకు బదులు పొలమే విడిపించుకొనును. మేలు చేయబోయి ఉన్న ఆధారాన్ని పోగొట్టుట ధర్మం కాదు.

అయితే ఈ భయానికి మందు లేకపోలేదు. సాగు చేసిన సంగతి వేరుగాను, భూమిపై శాశ్వత హక్కు వేరుగాను నమోదు చేయవచ్చును. ఆ సంగతి తేల్చుటకు 1978 నాటి పద్ధతి కంటె మేలైనది కనబడదు: సాయంవేళ, ఊరి నడుమ, నలుగురి ఎదుట అడుగుట. ఏటా విత్తనాలు చల్లిన పిమ్మట ఒక్కమారు ఈ పని జరిగినచో, సాయం పొందిన పేరును, చెమటోడ్చిన పేరును ఒక్కటిగా చేయుట అసాధ్యం కాదు.